క్రోటను కొమ్మ చరిత్ర

కౌలాలంపూర్‌లో మన తెలుగువారి ఇళ్ళకు వెళ్ళినప్పుడు వాకిట తులసిని, పెరట కరివేపాకును చూసి మురిసిపోతాం. గుమ్మం పక్కనున్న క్రోటను మొక్కను పట్టించుకోము. దానికీ ఒక చరిత్ర ఉంది; అందులో మనకూ కొంత వాటా ఉంది.

మలయావారు 'పుడింగ్' అని పిలిచే ఈ మొక్క ఈ ప్రాంతపు బిడ్డే. అంబోన్ దీవిలో నివసించి 1702లో కన్నుమూసిన రంఫియస్ పండితుడు దీనిని వర్ణించాడు. 1753లో లిన్నేయస్ దీనిని క్రోటన్లలో చేర్చాడు. 1824లో శాస్త్రజ్ఞులు కోడియం అని వేరుచేసినా, జనం నోట పాత పేరే నిలిచింది. 1860 దశకంలో ఇంగ్లండులోని వీచ్ నర్సరీవారు పసిఫిక్ దీవుల నుంచి రంగురంగుల రకాలు తెప్పించారు.

1877లో బ్రిటిషువారు 22 రబ్బరు మొక్కలను సింగపూరు చేర్చారు. తరువాత వెలసిన రబ్బరు తోటలూ, కొబ్బరి తోటలూ మన పెద్దలను ఇక్కడికి రప్పించాయి. దొర బంగళా కంచె కత్తిరించిన రోజున పారేసిన క్రోటను కొమ్మలను మా మామ్మ ఒడిలో వేసుకొచ్చి, కూలి లైను ముందు గుచ్చేదట.

ఆమె చేసిన పని సరైనదే. క్రోటను గింజ నాటితే తల్లి రంగే వస్తుందన్న నమ్మకం లేదు. జానెడు కొమ్మ కోసి, కారే పాలు కడిగి, నీడన తడి ఇసుకలో గుచ్చితే కొన్ని వారాల్లో వేరు పడుతుంది. తరువాత ఎండ తగలాలి; నీడలోనే ఉంచితే రంగు తగ్గి పచ్చబడుతుంది. పసుపు అంచుల సాన్సెవీరియాది మరో తీరు. ఆకు ముక్క నాటితే ఉత్త పచ్చమొక్కే వస్తుంది. అంచు నిలవాలంటే దుంపను పిలకతో సహా విడదీసి నాటాలి. తెల్లమచ్చల మొక్కల్లో ఒక్కోసారి పూర్తి పచ్చకొమ్మ పుడుతుంది. పత్రహరితం ఎక్కువ గనుక అది వేగంగా పెరిగి, మచ్చల కొమ్మలను కమ్మేస్తుంది. కనబడగానే మొదలంటా కోసేయాలి.

1950, 60 దశకాల్లో ఎన్నో ఎస్టేట్లు ముక్కలై అమ్ముడుపోయాయి. మా లైను కూడా పోయింది. ఇంటివారు పట్నం చేరినప్పుడు మామ్మ కొమ్మ కూడా డబ్బాలో వచ్చింది. ఈనాటి మా కుండీ దాని సంతతే.

మీ ఇంటి మొక్క ఏ తోట నుంచి వచ్చిందో పెద్దలు ఉండగానే తెలుగులో అడిగి తెలుసుకోండి. ఒక కొమ్మ కోసి పిల్లల చేత నాటించండి. రంగైనా, మాటైనా ఒకరు పూనుకొని అందిస్తేనే తరువాతి తరానికి చేరుతుంది.