నీడ ఎవరి పేరు మీద?

కాందిశీకులు అనే మాట ఇప్పుడు పత్రికల్లో పెద్దగా కనబడదు. 'ఏ దిక్కుకు పోను' అనే సంస్కృత ప్రశ్న నుంచి పుట్టిందంటారు. 1962లో నె విన్ సైనిక పాలన వచ్చి, 1964లో వ్యాపారాలన్నిటినీ జాతీయం చేశాక బర్మా నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్లను మనం అలాగే పిలిచాం. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు ఆ పేరుతోనే నిలిచిపోయింది. ప్రభుత్వ కాగితాలు మాత్రం వాళ్లను శరణార్థులు అనలేదు. 'రిపాట్రియేట్స్' అన్నాయి, అంటే స్వదేశానికి తిరిగొచ్చినవాళ్లు. రంగూన్‌లో పుట్టి రంగూన్‌లోనే పెరిగిన ఆడపిల్లకు విశాఖ ఏ లెక్కన స్వదేశం? తండ్రిదో తాతదో ఊరు కాబట్టి. దిక్కులేని వాళ్లకు రాజ్యం నీడ ఇచ్చేటప్పుడు ఆ నీడను ఎవరి పేరు మీద రాస్తుందన్నది నన్ను చాలాకాలంగా పట్టుకున్న ప్రశ్న.

నేనుండే నవీపేట్‌లో బీడీలు చేసే ఆడవాళ్లకు ఇంటి కాగితం విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. 2006లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లు ఇంటి ఆడమనిషి పేరు మీదే మంజూరయ్యాయి. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం రేషన్ కార్డుకు కుటుంబ పెద్ద, పద్దెనిమిదేళ్లు నిండిన ఆడవాళ్లలో అందరికన్నా పెద్దావిడ. చట్టం రాసినంత మాత్రాన ఇంట్లో పెత్తనం చేతికొస్తుందని కాదు. కానీ ఒకామె నాతో అన్నది: "తాగొచ్చి ఎళ్లిపో అంటె, ఇల్లు నీ పేర్న ఉన్నదా అని అడుగుత మేడం." ఈ హక్కయినా పౌరురాలికే. సరిహద్దు దాటి వచ్చిన స్త్రీ సంగతి వేరు.

మా ఊళ్లో రైలెక్కి గోదావరి దాటితే బాసర, అంటే పాత ఆదిలాబాద్ జిల్లా. ఆ జిల్లా రెండో కొసన, కాగజ్‌నగర్ దగ్గర, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలను 1960లు, 70లలో స్థిరపరిచారు. అక్కడ ఒక ఊరి పేరు నజ్రుల్‌నగర్. తెలుగు నేల మధ్యలో బెంగాలీ కవి పేరు ఎలా వచ్చిందని ఆరా తీస్తే బెంగాల్ క్యాంపుల చరిత్రలోకి వెళ్లాల్సి వచ్చింది.

దేశ విభజన తర్వాత కేంద్ర పునరావాస శాఖ శరణార్థులను రెండుగా విడదీసింది. పని చేయగల మగవాడున్న కుటుంబం పునరావాసానికి పనికొస్తుంది. అతనికి భూమో అప్పో ఇవ్వాలి. ముసలివాళ్లు, వికలాంగులు, మగదిక్కు లేని స్త్రీలు, వాళ్ల పిల్లలు 'పర్మనెంట్ లయబిలిటీ', అంటే శాశ్వత భారం. క్లుప్తంగా పి.ఎల్. పశ్చిమ బెంగాల్‌లో ఈ వర్గం కోసమే విడిగా క్యాంపులు, హోములు నడిచాయి. నిండా పాతికేళ్లు లేని వితంతువు కూడా పి.ఎల్.లోకే వచ్చేది. బిడ్డల్ని పెంచుతూ, హోములో నేర్పిన కుట్టుపనీ నేతపనీ చేస్తూ కూడా ఆమె భారమే. మరి కొడుకు పెద్దవాడైతే? ఆ రోజు నుంచి ఆ కుటుంబం భారం కాదు, పి.ఎల్. జాబితాలోంచి తీసేయొచ్చు. ఆమె అదే మనిషి, అవే చేతులు. ఇంట్లో ఒక మగపిల్లాడికి వయసొచ్చింది, అంతే.

ఇది కర్కోటకులెవరో రాసిన నిబంధన అనుకోవడానికి లేదు. కేంద్రంలో శరణార్థి స్త్రీల విభాగాన్ని మొదట్లో నడిపింది రామేశ్వరీ నెహ్రూ వంటి మహిళా ఉద్యమ నాయకురాలు. స్త్రీకి తండ్రో భర్తో కొడుకో ఉండాలి, లేకుంటే ఆ చోట రాజ్యం ఉండాలి అన్న ఆలోచన అందరిదీ. 1950ల చివర్లో బెంగాల్ క్యాంపులు మూసేస్తూ, కుటుంబాలను 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద బస్తర్, కోరాపుట్ అడవులకు వెళ్లమన్నారు. కాదంటే డోలు, అంటే నెలనెలా ఇచ్చే భత్యం, ఆగిపోతుంది. అడవి కొట్టి పొలం చేసే మగవాడు లేని స్త్రీలు పి.ఎల్. హోముల్లోనే మిగిలి, కొందరు అక్కడే ముసలివాళ్లయ్యారు. దండకారణ్యమంటే మన పక్క అడవే. ఆదివాసీల భూమిలోకి శరణార్థులను దింపిన ఆ కథలో ఆదివాసీ స్త్రీ పోగొట్టుకున్నది ఇంకో వ్యాసానికి సరిపడా ఉంది.

కాలం మారిందనుకుంటే, తమిళనాడు చూడండి. 1983 తర్వాత వచ్చిన శ్రీలంక తమిళుల కోసం అక్కడ నూటికి పైగా ప్రభుత్వ క్యాంపులున్నాయి. 2021 ఆగస్టులో స్టాలిన్ ప్రభుత్వం వాటి పేరు మార్చింది, కూలిపోతున్న ఇళ్ల స్థానంలో కొత్తవి కడతామన్నది, భత్యం పెంచింది. మంచిదే. పెంచిన లెక్క ఇదీ: నెలకు కుటుంబ పెద్దకు 1500, మిగతా పెద్దవాళ్లకు 1000, పిల్లలకు 500. ఒకే గదిలో ఉండే భార్యాభర్తల మధ్య 500 రూపాయల తేడాను సర్కారే గీసింది.

బ్రిటన్‌లో ఈ పని కంపెనీలకు అప్పజెప్పారు. అక్కడ 1999 చట్టం తర్వాత శరణు కోరేవాళ్లను, ఎక్కడుంటారని అడక్కుండా, దేశమంతా చెదరగొట్టి ఉంచుతున్నారు. 2012లో జీఫోర్‌ఎస్, సెర్కో వంటి సంస్థలకు ఇళ్ల కాంట్రాక్టులిచ్చారు. 2019లో పదేళ్లకు సెర్కో, మియర్స్, క్లియర్‌స్ప్రింగ్స్‌లకు. 2016లో మిడిల్స్‌బరోలో శరణార్థుల ఇళ్ల తలుపులకు ఎర్ర రంగు ఉండటం, ఆ తలుపుల మీద గుడ్లూ రాళ్లూ పడటం పెద్ద వార్తయింది. నన్ను ఆపేసింది ఇంకో సంగతి. గర్భిణులను, కాన్పు దగ్గరపడ్డవాళ్లను కూడా, ఊరు మార్చేస్తున్నారని 2013లో రెఫ్యూజీ కౌన్సిల్, మెటర్నిటీ యాక్షన్ కలిసి ఒక నివేదిక వేశాయి. కాంట్రాక్టు భాషలో ఇల్లంటే ఒక పడక. తెలిసిన మంత్రసాని, పక్కింటి స్నేహితురాలు ఆ లెక్కలోకి రారు.

మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చెయ్యలేదు. శరణార్థుల చట్టమూ లేదు. అందుకే ఎవరికి క్యాంపు, ఎవరికి ఏమీలేదు అన్నది ఆనాటి ప్రభుత్వం ఇష్టం. 2012 తర్వాత హైదరాబాద్ చేరిన రోహింగ్యాలకు బాలాపూర్ దగ్గర దొరికింది సర్కారు ఇల్లు కాదు. ప్రైవేటు జాగాకు కిరాయి కట్టి, బొంగులూ తార్పాలిన్లూ కట్టుకున్న గుడిసెలు. చేతిలో ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డు. 2022 ఆగస్టు 17న ఢిల్లీలోని రోహింగ్యాలకు ఫ్లాట్లిస్తామని కేంద్ర మంత్రి హర్‌దీప్ సింగ్ పురి ప్రకటించారు. అలాంటిదేమీ లేదని, వాళ్లున్న చోటునే నిర్బంధ కేంద్రంగా ప్రకటించాలని హోంశాఖ అదే రోజు చెప్పింది. ఫ్లాటు నిర్బంధ కేంద్రమవడానికి ఒక రోజు కూడా పట్టలేదు.

మా బోధన్ పేరు 2021లో జాతీయ వార్తల్లోకెక్కింది. బంగ్లాదేశీయులకు బోధన్ చిరునామాలతో భారత పాస్‌పోర్టులు వెళ్లాయి, విచారణ చేయాల్సిన స్పెషల్ బ్రాంచి పోలీసులే అరెస్టయ్యారు. వాళ్లంతా శరణార్థులని నేననను. అయితే ఆ గొడవ తర్వాత మా వైపు కిరాయికిచ్చేవాళ్లు ఆధార్ కార్డు అడగడం ఎక్కువైంది. ఒంటరి ఆడమనిషి గది అడిగితే ఆమె కార్డుతో పాటు మొగుడిదీ తెమ్మంటున్నారు.