గడ్డి మీద నల్లజింక

తెల్లవారి ఆరు కావస్తోంది. సర్దార్ పటేల్ రోడ్డు మీద బస్సుల రొద అప్పుడే మొదలైంది. గేటు దాటి కాస్త దూరం నడిచేసరికి ఆ రొద వెనకబడుతుంది. ఊడలు దించిన మర్రిచెట్లు, పచ్చి ఆకు వాసన. ఇది మద్రాసు ఐఐటీ. 1959లో గిండీ అడవిలో కొంత భాగం తీసుకుని కట్టిన చదువుల ఊరు. మిగిలిన అడవిలో 2.7 చదరపు కిలోమీటర్లు గిండీ జాతీయవనంగా నిలిచింది. చుట్టూ నగరమే.

హాస్టళ్ల దారిలో ముందు ఎదురయ్యేవి దుప్పులు. చెత్తడబ్బా దగ్గర నాలుగు నిలబడ్డాయి. ఒకటి చిప్స్ కవరు నములుతోంది. నా పక్కనున్న కుర్రాడు చేతులు ఊపుతూ ముందుకు ఉరికితే కవరు వదిలి రెండడుగులు జరుగుతుంది, అంతే. మళ్లీ మెడ చాస్తుంది. ఉప్పు, నూనె అంటిన కవరు దానికి తిండే. ఇక్కడ చచ్చిపోయిన దుప్పుల పొట్టల్లో ప్లాస్టిక్ ముద్దలు బయటపడ్డాయి. కుర్రాడు ఆ కవరు తీసి జేబులో కుక్కుకుంటాడు.

అతనిది నందికొట్కూరు దగ్గర పల్లె. ఇక్కడ పీహెచ్‌డీ చేస్తున్నాడు. "ఇవి యాడైనా బతుకుతాయన్నా. నీడ ఉంటే చాలు. రాలిన ఆకు తింటాయి, కోతులు తుంచి పడేసింది తింటాయి. మనం చూడాల్సింది వేరే ఉంది, పద."

చెట్లు పలచబడి మైదానం తెరుచుకుంటుంది. అతను మోచేత్తో తడతాడు. మోకాలెత్తు గడ్డిలో గోధుమరంగు వీపులు కొన్ని, మేస్తున్న ఆడవి. వాటికి ఎడంగా ఒక్కటే నల్లటి మగది. వీపు నలుపు, పొట్ట తెలుపు, కళ్ల చుట్టూ సున్నం గీసినట్టు తెల్లటి వలయాలు. మెలికలు తిరిగిన కొమ్ములు వీపుకు ఆనేలా ముట్టె పైకెత్తి నడుస్తోంది. ఆగింది. కంటి ముందున్న గుంటను ఒక గడ్డికాడ కొసకు రాసింది. ఆ గుంటలోని జిగురు కాడకు అంటుకుంటుంది, ఇది నా జాగా అని తోటి మగవాటికి కబురు. ఇంకాస్త ముందుకెళ్లి పెంటికల కుప్ప మీద నిలబడింది. రోజూ అక్కడే వేసి, ఎండినవాటి మీద తాజావి పేర్చుకుంటుంది.

"మా రోళ్లపాడు బీళ్లలో ఇవి మందలు మందలన్నా. శనగచేన్లో పడితే మా నాయన రాత్రంతా కావలి ఉండేటోడు. తిట్టుకుంటానే కాసేటోడు."

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు ఈ కృష్ణజింకే. రైతు పంట నష్టం, జింక ప్రాణం రెండూ నిజమైన బాధలే. కానీ ఈ నగరంలో దాన్ని నెడుతున్నది తిట్టు కాదు, మన మంచి ఉద్దేశం. దుప్పికి పొద చాటు కావాలి. దీనికి చాటు ప్రమాదం. కళ్లతో దూరం నుంచే ముప్పును పసిగట్టి, కాళ్లతో తప్పించుకోవడమే దీని రక్షణ. చూపు ఆగని గడ్డినేల ఉండాలి. అలాంటి నేల మనకు ఖాళీగా కనబడుతుంది. సగం మంది అక్కడ భవనం కడదామంటారు. మిగతా సగం, ప్రకృతి మీద ప్రేమతోనే, మొక్కలు నాటుదామంటారు. రెండింటి వల్లా జింకకు పోయేది ఆ నేలే. చెట్టు నాటడం ఎప్పుడూ పుణ్యమేనన్న నమ్మకాన్ని ఈ మైదానం అంచున నిలబడి నేను వదులుకున్నాను.

ఎవరూ నాటనక్కర్లేకుండా వచ్చే చెట్టు ఇంకొకటుంది, సర్కారు తుమ్మ. పశువులు కాయలు తిని విత్తనం మోస్తాయి, అది గడ్డిబీళ్లను ముళ్లపొదలుగా మారుస్తుంది.

ఏడవుతోంది. బంతి పట్టుకుని పిల్లలొస్తారు. మంద అవతలి కొసకు జరుగుతుంది, మేత మాత్రం ఆపదు. కుర్రాడు వంగి గట్టు పక్కన జానెడు మొలకను పట్టుకున్నాడు. తుమ్మే. లాగితే కాండం వంగింది గానీ రాలేదు.

"ఒక చెయ్యి వెయ్యన్నా. ముల్లు చూసుకో. పైన తెగిందంటే మళ్లీ చిగురేస్తుంది, వేరుతో రావల్ల."