మార్చి 31 - సముద్రం లెక్క

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మార్చి 31 అంటే ఎంత హడావిడో మిత్రులకు నేను చెప్పనక్కరలేదు. ఆఖరు గంటలో బిల్లులు, ఖజానా దగ్గర బారులు, రాత్రి పదింటికి కూడా వెలిగే సెక్షన్ దీపాలు. ఏప్రిల్ 1 నుంచి లెక్కల సంవత్సరం మొదలుపెట్టే పద్ధతి 1867లో తెల్లదొరల ప్రభుత్వం తెచ్చింది. ఆ తేదీ మన విశాఖ తీరపు చేపల వేటకు ఎలా అడ్డం వచ్చిందో, అందులో నా చేతిరాత పాలు ఎంతో ఈ ప్రత్యేక సంచికలో చెప్పుకుంటాను.

ముందు సముద్రం సంగతి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ఒడ్డు వెంట ప్రవాహం దక్షిణానికి పోతుంది. గోదావరి, మహానది, గంగ తెచ్చి పోసిన మంచినీరు పైన పొరలా పరుచుకుంటుంది. తేలిక నీరు కనుక అడుగునున్న ఉప్పునీటిని పైకి రానివ్వదు. సంక్రాంతి దాటాక ప్రవాహం ఉత్తరానికి మళ్ళుతుంది, ఆ పొరా పలచబడుతుంది. ఫాల్గుణం నాటికి నైరుతి గాలి సరిగ్గా ఒడ్డు వెంబడే వీస్తుంది. భూమి తిరుగుడు వల్ల ఆ గాలి తోసిన పైనీరు ఒడ్డుకు దూరంగా జరిగి, ఆ చోటికి అడుగునుంచి చల్లని నీరు వస్తుంది. పైన ఎండ మండుతున్నా కాలు పెడితే జిల్లుమంటుంది. ఆ నీటిలోని లవణాలతో కంటికి ఆనని నాచు పెరిగి సముద్రం పచ్చబారుతుంది. దాన్ని తినడానికి సన్నజీవులు, వాటి కోసం కవ్వళ్ళు, నెత్తళ్ళు, వాటిని తరుముతూ వంజరం ఒడ్డు దగ్గరకు వస్తాయి. ఇది కొన్నేళ్ళు ముందుగానూ, కొన్నేళ్ళు ఆలస్యంగానూ జరుగుతుంది. గాలికి క్యాలెండరు లేదు గదా!

1952లో అమెరికా నుంచి ఇ.సి. లాఫాండ్ గారు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడివారితో కలిసి ఈ చల్లనీటిని కొలిచారు. ఆ పరిశోధనలను 1954లో విశ్వవిద్యాలయం సంపుటిగా అచ్చువేసింది. తెప్ప మీద కూర్చుని చెయ్యి ముంచి చూసే జాలరికి అది కొత్త సంగతి కాదు.

1980ల మొదట్లో నేను ఒక జిల్లా కార్యాలయంలో గుమస్తాని. భీమునిపట్నం దారిలోని ఒక జాలరిపేట వారు వలల కోసం రుణం అడిగారు. గత రెండేళ్ళ దిగుబడి స్టేట్‌మెంటు తయారుచేయడం నా పని. ఆ ఏడు చల్లనీరు ఆలస్యమయింది. చేప ఏప్రిల్ మొదటి వారంలో దిగింది. నా స్టేట్‌మెంటు మార్చి 31తో ఆగింది. "దిగుబడి గణనీయంగా తగ్గినది" అని నా చేత్తోనే రాశాను. పైనుంచి ప్రతిపాదన తిరిగివచ్చింది. ఆ కబురు చెప్పడానికి వెళ్తే అలివి వల తాడు పట్టుకున్న ముసలాయన, "మీ పద్దు మార్చితో అయిపోద్ది బాబూ, గంగమ్మ తల్లికి మార్చి ఏటి?" అన్నాడు. ఆ క్షణాన వలలో చేప ఎగురుతూనే ఉంది. చివరికి వాళ్ళు వ్యాపారి దగ్గర అప్పు తెచ్చారు. అంటే చేప ఆయనకే, ఆయన చెప్పిన ధరకే.

ఆ ఏప్రిల్ చేప మరుసటి ఏటి పద్దులో చేరింది. ఆ ఏడు చల్లనీరు వేళకే వచ్చిందేమో, ఒకే సంవత్సరంలో రెండు రుతువులు పడ్డాయి. "అభివృద్ధి" అని రాశాం. నేను ఫారం చివర ఏప్రిల్ రెండు వారాలకు ఎర్రసిరాతో ఒక గడి గీశాను. నమూనాలో లేని గడి ఎందుకన్నారు పైవారు. కొట్టేశాను.

1947లో ఏర్పడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు జనవరి నుంచి డిసెంబరు దాకా లెక్క కడతారు. వారి పుస్తకంలో మాఘ ఫాల్గుణాలు ముక్కలు కావు. ఈ సంగతి నాకు పదవీ విరమణ దగ్గరపడ్డాక గాని తెలియలేదు.

ఇప్పుడు ఇంకో తేదీ ఉంది. చేప పిల్లలు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి ఇంజను పడవలకు వేట నిషేధం. లోగడ 47 రోజులు, 2015 నుంచి 61 రోజులు, జూన్ 14 దాకా. నిషేధం అవసరమే, కాదనను. చల్లనీరు ఆలస్యమైన ఏడు మాత్రం చేప వచ్చేసరికి పడవ ఒడ్డున ఉంటుంది. ఇంజను లేని తెప్పలకు ఈ నిషేధం వర్తించదు గాని, అలాంటి తెప్పలు ఎన్ని మిగిలాయి? నీటి వేడి, పచ్చదనం ఉపగ్రహంతో చూసి, చేప దొరికే చోటు చెప్పే సంస్థ హైదరాబాదులో 1999 నుంచి ఉంది. సముద్రం లేని ఊరే అయినా పని మంచిది.

పోయిన ఫాల్గుణంలో ఆ పేటకు వెళ్ళాను. ముసలాయన లేడు. ఆయన మనవడికి ఫైబర్ తెప్ప ఉంది, దానికి ఇంజను ఉంది, చేతిలో సెల్‌ఫోను ఉంది. ఈ ఏడు ఎలా ఉందని అడిగాను. ఫోను వైపు చూడకుండా నీళ్ళలోకి దిగి చెయ్యి ముంచి, "ఇంకా సల్లబడలేదు తాతగారూ, ఇంకో వారం సూడాలి" అన్నాడు.