సమాంతర లోకాల నవల: చింత ఎవరిది?

‘అప్పుడట్లా చేసి ఉంటే’ అని తర్వాత చింతించటాన్ని మన పెద్దలు గతజల సేతుబంధనం అన్నారు. పారిపోయిన నీటికి కట్ట కట్టి లాభం లేదని వారి భావం. ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ నవల మాత్రం డెబ్భై ఏళ్లకు పైగా ఆ కట్ట కడుతూనే ఉంది. ఈ నవలల చరిత్రలో నాకు కనిపించే ముఖ్య పరిణామం ఒకటే. మొదట సంఘాన్ని గురించి వేసిన ప్రశ్న, రానురాను వ్యక్తి సొంత బెంగగా కుంచించుకుపోయింది.

వార్డ్ మూర్ 1953లో ‘బ్రింగ్ ది జూబిలీ’ ప్రచురించాడు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది గెలిచిన లోకం అందులోది. ఓడిన ఉత్తరాది దరిద్రంలో మగ్గుతుంటుంది. చరిత్రకారుడైన హాడ్జ్ గెటిస్‌బర్గ్ యుద్ధాన్ని కళ్లారా చూడాలని 1863కు వెళ్తాడు. అతను అక్కడ ఉండటం వల్లనే ఫలితం తారుమారై ఉత్తరాది గెలుస్తుంది. అతను పుట్టిన లోకం, అందులోని ఆప్తులు లేకుండా పోతారు. వ్యక్తిగా అతనిది తీరని దుఃఖం. కాని 1865లో బానిసత్వం చట్టరీత్యా రద్దయిన మన లోకం ఆ గెలుపు మీదనే నిలబడింది. ఒక మనిషి వేదననూ చరిత్ర గమనాన్నీ మూర్ ఒకే త్రాసులో వేశాడు.

ఇటువంటి నవలలకు భౌతికశాస్త్రమే మూలమనుకోవటం పొరపాటు. హ్యూ ఎవరెట్ సిద్ధాంతం వెలువడింది 1957లో, అంటే మూర్ నవల వచ్చిన నాలుగేళ్లకు. పైగా ఆయన చెప్పింది క్వాంటం కొలతల ఫలితాల గురించి. మనిషి తీసుకునే నిర్ణయం దగ్గర లోకం చీలుతుందన్నది రచయితలు చేర్చిన మాట. కనుక చీలికను ఎక్కడ పెట్టాడన్నదే రచయిత దృక్పథాన్ని పట్టిస్తుంది.

జొఆనా రస్ ‘ది ఫిమేల్ మాన్’ (1975)లో ఆ చీలికను చరిత్రలో పెట్టింది. నాలుగు లోకాల నలుగురు స్త్రీలు నిజానికి ఒకే మనిషికి నాలుగు రూపాలు. ఆర్థికమాంద్యం అంతం కాని లోకంలో జినీన్ పెళ్లి తప్ప దారి లేదనుకుని కుములుతుంది. మగవాళ్లే లేని లోకంలో జానెట్ నిర్భయంగా తిరుగుతుంది. ఇద్దరికీ తేడా తెచ్చింది వాళ్లు చేసుకున్న ఎంపికలు కావు, వాళ్లు పుట్టిన వ్యవస్థలు.

బ్లేక్ క్రౌచ్ ‘డార్క్ మాటర్’ (2016), మాట్ హెయిగ్ ‘ది మిడ్‌నైట్ లైబ్రరీ’ (2020) దగ్గరికి వచ్చేసరికి చీలిక వ్యక్తి నిర్ణయంలోకి జరిగింది. క్రౌచ్ నాయకుడు పరిశోధన వదిలి సంసారం ఎంచుకున్నవాడు. చివరికి అతని ప్రతిరూపాలే ఆ ఒక్క సంసారం కోసం ఒకరినొకరు చంపుకుంటారు. పోటీ ప్రపంచానికి ఇంతకన్నా పదునైన చిత్రణ అరుదు. హెయిగ్ నాయిక నోరా ఉద్యోగం పోయి, ఒంటరితనంతో చావుకు సిద్ధపడ్డ మనిషి. ఎన్నో జీవితాలు రుచి చూసి, తన పాత జీవితాన్నే కోరుకుంటుంది. నిరాశలో ఉన్న పాఠకుడికి ఈ నవల బతుకు మీద ఆశ కల్పిస్తుంది. అది చిన్న విషయం కాదు. అయితే ఆమె చూపు మారిందే గాని, ఆమెను అక్కడికి నెట్టిన పరిస్థితులను నవల ప్రశ్నించలేదు.

పదో తరగతితో చదువాపి పనిలోకి పోయే పిల్లల్ని బడిపంతులుగా నేను ఏటా చూస్తున్నాను. వాళ్లకూ రేపు ‘చదివి ఉంటే’ అన్న చింత ఉంటుంది. కాని ఆ నిర్ణయం వాళ్లది కాదు. వాళ్ల కథ రాసే రచయిత చీలికను వాళ్ల మనసులో పెడితే అబద్ధం చెప్పినట్లే. ఎంచుకునే అవకాశమే దక్కని మనిషి చింతకు కారణం అతని వెలుపల ఉంది. సమాంతర లోకాల నవల మళ్లీ అక్కడ చూడాలి.