నెగెటివుల పెట్టెలో సాంఘిక చరిత్ర

ఫిలిం కెమెరాను గురించి ఈనాడు రెండు రకాల మాటలు వినిపిస్తున్నవి. అది కాలం చేసినదనీ, దానికోసం కన్నీరు పెట్టుకోవడం పాత సామాను మీద మోజు తప్ప మరేమీ కాదనీ కొందరంటారు. కాదు, అది తిరిగి లేచి కూర్చున్నది, హైదరాబాదు కుర్రకారు మెడలో మళ్ళీ రీలు కెమెరాలు వేలాడుతున్నవి చూడండని మరికొందరంటారు. రెండింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. కాని ఇద్దరూ మాట్లాడేది యంత్రాన్ని గురించే. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలవారికి అసలు ప్రశ్న యంత్రం కాదు. తాలూకా కేంద్రాలలోని చిన్న చిన్న స్టూడియోలలో యాభై అరవై ఏళ్ళపాటు పేరుకొన్న నెగెటివులు ఏమయినవి, ఏమవుతున్నవి అన్నదే ప్రశ్న. ఇది కళాప్రియుల సమస్య కాదు, చరిత్రకారుల సమస్య.

పాలమూరు జిల్లావాడైన సురవరం ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ప్రకటించినప్పుడు ఆయన చేసిన పని ఏమిటి? రాజుల వంశావళిని పక్కన పెట్టి, క్రీడాభిరామము, హంసవింశతి వంటి కావ్యాలను జల్లెడ పట్టి, మన పూర్వులు ఏమి తిన్నారు, ఏమి కట్టుకొన్నారు, ఏ ఆటలాడారు అన్నది వెలికి తీశాడు. శాసనాలు చెప్పని సంగతిని కవి యథాలాపంగా వేసిన విశేషణంలో పట్టుకొన్నాడు. ఇక ఇరవయ్యవ శతాబ్ది రెండవ సగంలో ఈ రెండు జిల్లాల ప్రజల సాంఘిక చరిత్ర వ్రాయదలచినవాడు వేటిని జల్లెడ పట్టాలి? కాళ్ళకు చెప్పులు ఎప్పుడు వచ్చినవి, ధోవతి పోయి ప్యాంటు ఏ తరంలో వచ్చినది, ఆడపిల్ల చేతిలోకి పుస్తకం ఎప్పుడు చేరినది, కడియాలు ఎప్పుడు మాయమయినవి? వీటికి జవాబులు సర్కారు గెజెటీరులో కంటె స్టూడియో అటక మీది రేకు పెట్టెలో ఎక్కువగా దొరుకుతవి.

మన ప్రాంతంలో ఫోటోగ్రఫీ పేరు సంపాదించినది దర్బారు నీడలోనే. మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టిన లాలా దీనదయాళ్ 1880ల మధ్యలో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆశ్రయంలోకి వచ్చాడు. సికిందరాబాదులో స్టూడియో పెట్టాడు. 1892లో ఘోషా స్త్రీల కోసం హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. 1894లో ‘రాజా ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందాడు. 1890లో పాలమూరుకు ఏ ప్రభువు పేరు పెట్టారో, ఆ ప్రభువు చచ్చిన పులుల పక్కన నిలబడి దిగిన ఫోటోలు ఈనాటికీ పుస్తకాలకెక్కుతూనే ఉన్నవి. దీనదయాళ్ చూపు అక్కడే ఆగిందనడం న్యాయం కాదు. ఆ శతాబ్ది చివరి కరువులో ఔరంగాబాదు వైపు జరిగిన కరువు పనులను కూడా ఆయన స్టూడియో చిత్రించినది. అయితే ఆ ఆల్బం ఉద్దేశం సర్కారు చేసిన మేలు చూపడమే గాని, ఆకలికి కారణం చూపడం కాదు.

ప్రజల చేతికి కెమెరా లేని కాలమది. అందువల్లనే మన చరిత్రలోని అతి పెద్ద సంఘటనకు ఫోటోలు బహు తక్కువ. 1946 జులై 4న అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటి నుంచి 1951 అక్టోబరులో పోరాటం విరమించేవరకు ఊళ్ళకు ఊళ్ళు కదిలినవి. ఆ ఊళ్ళలో కెమెరా ఉన్నదంటే గడీలో ఉండాలి, లేదా పోలీసు వెంట రావాలి. పైగా అజ్ఞాతవాసి ఫోటో దిగడమంటే శత్రువుకు ఆనవాలు ఇచ్చుకోవడమే గదా! పార్టీ పత్రికలకు ఫోటోలు తీసిన సునీల్ జానా తెలంగాణా గెరిల్లాలను తీసిన చిత్రాలు నేటికీ తిరిగి తిరిగి అచ్చవుతున్నవంటే, వాటి గొప్పతనం ఒక కారణం, వేరేవి లేకపోవడం మరొక కారణం. స్త్రీ శక్తి సంఘటన వారు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు ఆ స్త్రీల నోటిమాట మీద ఆధారపడవలసి వచ్చినది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబాకు నూరెకరాలిచ్చిన దాత పేరు పాఠ్యపుస్తకాలలో ఉన్నది. భూమి అడిగిన దళిత కుటుంబాల ముఖాలు మనలో ఎందరికి తెలుసు?

ఆ తరువాత స్టూడియో వచ్చినది. బస్టాండు దగ్గరో, కచేరి ఎదుటనో ఒక గది, గోడకు రంగుల తెర (దాని మీద మేడ మెట్లు, హంసలు, ఈ గట్టినేలలో ఎవ్వరూ చూడని సరస్సు), వెనుక ఒక చీకటి కొట్టు. ఈ చీకటి కొట్టులోని శ్రమను గురించి మన సాహిత్యంలో ఎవరూ వ్రాసినట్లు లేదు. డెవలపరుకు ఇరవై డిగ్రీల చల్లదనం కావాలని డబ్బా మీద వ్రాసి ఉంటుంది. అది చలిదేశంలో వ్రాసిన మాట. మే నెలలో నలభై అయిదు దాటే నల్లగొండలో ఆ ద్రావకం వేడెక్కితే ఫిలిం మీది జెలటిన్ మెత్తబడి జారుతుంది, లేదా పగుళ్ళు వారుతుంది. అందుకు విరుగుడు మంచుగడ్డ, మట్టికుండ, రాత్రిపూట పని, హైపోలో కలిపే పటిక. ఇక బోరు నీళ్ళు. ఆ నీళ్ళలోని ఫ్లోరైడు మనుషుల ఎముకలకు చేసిన ద్రోహం వేరే చరిత్ర. అందులోని ఉప్పులు మాత్రం ఆరిన ఫిలిం మీద తెల్లని చారలు కట్టేవి. ఆఖరి కడుగుకు వాన నీళ్ళో, కాచి చల్లార్చిన నీళ్ళో ఉండాలన్న జ్ఞానం పుస్తకం నుంచి రాలేదు, చేతి నుంచి చేతికి వచ్చినది.

మరొక పని ఉన్నది, దీన్ని విమర్శించక తప్పదు. సన్నగా చెక్కిన పెన్సిలుతో నెగెటివు మీద ముఖాన్ని దిద్దేవారు. నెగెటివు మీద గీత నల్లబడిన చోట ప్రింటు తెల్లబడుతుంది. మశూచి మచ్చలు పోయేవి, ముడతలు పోయేవి, వాటితో బాటు చామనఛాయ కూడా పోయేది. పెండ్లి చూపులకు పంపే ఫోటోలో పిల్ల తెల్లగా ఉండాలన్న నియమం ఫోటోగ్రాఫరు చేసినది కాదు, సమాజం చేసినది. కాని పెన్సిలు పట్టినది అతడే. చరిత్రకారుడికి ప్రింటు కంటె నెగెటివు ఎందుకు ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. నెగెటివును వెలుతురుకు పెట్టి ఏటవాలుగా చూస్తే పెన్సిలు గీత కనబడుతుంది, దాని కింద మనిషీ కనబడుతాడు.

ఎవరు దిగేవారు? మన భాషలో ఫోటోగ్రాఫరు ఫోటో తీస్తాడు, మనం దిగుతాము. బావిలోకి దిగినట్లు, మడిలోకి దిగినట్లు అది కూడా ఒక సాహసమే. కొత్త దంపతులు, బొంబాయికి బయలుదేరే పాలమూరు కూలీ, స్కూలు ఫైనలు పాసయిన మొదటి తరం పిల్లవాడు దిగేవారు. అయినా బీదవారి విషయంలో ఒక మాట నిర్మొగమాటంగా చెప్పాలి. చాలామంది తమ ఇష్టంతో దిగలేదు, సర్కారు అడిగితే దిగారు. హాల్ టికెట్టు, పాసు పుస్తకం, 1993లో ఎన్నికల సంఘం ఆదేశించిన ఓటరు గుర్తింపు కార్డు వారిని కెమెరా ముందు నిలబెట్టినవి. ఆ పాస్‌పోర్టు సైజు ముఖమే మనిషి పోయిన తరువాత దినాలకు పెద్దదై, పూలదండతో గోడకెక్కినది. గుర్తింపు కోసం రాజ్యం తీయించిన బొమ్మ ఆ ఇంటికి తండ్రి జ్ఞాపకమయినది. దీనదయాళ్ ఆల్బంలో ఉన్న వైభవం ఇందులో లేదు గాని, చరిత్ర ఉన్నది.

ఈ చిన్న దుకాణం ఎంత పెద్ద గొలుసుకు కొసనున్నదో కూడా గమనించాలి. వెండి లవణం పూసిన ఫిలిం ఈ జిల్లాలో తయారు కాదు. ఊటీలో 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ 1967 నుంచి ‘ఇందు’ పేరుతో నలుపు తెలుపు ఫిలిం, ఎక్స్‌రే ఫిలిం తీసినది. తూర్పు జర్మనీ వోల్ఫెన్‌లో తయారైన ఓర్వో రూపాయి వర్తకంలో వచ్చేది. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా పెట్టుబడి లేనివాడికి కూడా పన్నెండు ఫోటోలు ఇచ్చేది. విదేశీ మారకం కొరతగా ఉన్న దేశంలో కర్నూలు రోడ్డు మీది స్టూడియో తలుపు తెరిచి ఉండడానికి ఈ ఏర్పాట్లు తోడ్పడినవి. తరువాత కలర్ వచ్చినది. స్వంత కలర్ సాంకేతికత లేని ఊటీ కర్మాగారం వెనుకబడినది. 1991 తరువాతి దిగుమతుల పోటీలో నిలువలేక 1996లో ఖాయిలా పరిశ్రమగా ప్రకటింపబడినది, చివరకు మూతబడినది. మినీలాబు చీకటి కొట్టును మూయించినది, డిజిటల్ వచ్చి మినీలాబును మూయించినది. 2006లో కోనికా మినోల్టా ఫోటో వ్యాపారం నుంచి తప్పుకొన్నది, 2012లో కోడక్ దివాలా రక్షణ కోరినది. కంపెనీకి చట్టం రక్షణ ఇచ్చినది. నల్లగొండ రీటచరుకు ఇవ్వలేదు.

ఇక నెగెటివుల గతి. ఫిలింలో వెండి ఉన్నది. వాడిన హైపోలోనూ ఉన్నది. ఆసుపత్రి ఎక్స్‌రేలతో బాటు పాత నలుపు తెలుపు నెగెటివులను కిలోల లెక్కన కొని, వెండి గీకి తీసే వ్యాపారం ఉన్నది. అద్దె కట్టలేక గది ఖాళీ చేసేవాడికి అటక మీది పెట్టెలు బరువు, వచ్చిన కాసిని రూపాయలు ఊరట. అతన్ని తప్పు పట్టడానికి నేను సిద్ధంగా లేను. దీనదయాళ్ స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం కొని భద్రపరచినది. మంచి పనే. దర్బారు ముఖాలకు జాతీయ భండారం, కూలీ ముఖాలకు వెండి కొలిమి. ఈ తేడా ఎవరూ కుట్ర పన్ని చేసినది కాదు, విలువ కట్టే తూనికలోనే ఉన్నది.

ఇప్పుడు నగరంలో ఫిలిం తిరిగి పలుకుతున్నదన్న మాటకు వద్దాము. నిజమే. ఇంగ్లండులో ఇల్ఫోర్డ్ కంపెనీ 2004లో దెబ్బతిన్నా, దాని మేనేజర్లే కొని నిలబెట్టారు. నేటికీ ఫిలిం, కాగితం తీస్తున్నారు. హైదరాబాదు మాసబ్ ట్యాంకులోని లలితకళల విశ్వవిద్యాలయంలో ఫోటోగ్రఫీ డిగ్రీ ఉన్నది. దిగుమతి రీలు కొనగలవాడి సరదాగా దీన్ని కొట్టివేయడం సులభం, కొంత సబబు కూడా. కాని ఆ సరదా వల్లనైనా మందులు, కాగితం అమ్మే దుకాణం ఒకటి రెండు మిగిలితే, షట్టరు బాగుచేయగల ముసలి మెకానిక్కుకు పని దొరికితే, మనకు కావలసిన విద్య మరి కొంతకాలం బ్రతుకుతుంది. పాత నెగెటివు చూసి ఇది ఏ దశకపు ఫిలిం, ఎక్కడ దిద్దారు, ఏ తెర ముందు తీశారు అని చెప్పగలవారు ఆ దుకాణాల చుట్టూనే ఉన్నారు.

కాలేజీల చరిత్రశాఖలు ఈ పనికి దిగదలిస్తే పెద్ద యంత్రాలు అక్కరలేదు. తెల్లని వెలుతురు పలక, ఫోను కెమెరా చాలు. అంతకంటె ముఖ్యమైనది స్టూడియో రిజిస్టరు. అందులో నంబరు, పేరు, ఊరు, బాకీ ఉంటవి. రిజిస్టరు పోతే నెగెటివు మూగది. ఆ బొమ్మలు కుటుంబాలవి గనుక వారిని అడగనిదే అచ్చు వేయరాదు. పెన్సిలుతో అబద్ధమాడిన ముఖాన్ని అడగకుండా బయట పెట్టడం మరొక దౌర్జన్యం. ముందు చూడవలసినవి కలర్ నెగెటివులు, ఎందుకంటే వాటి రంగులు వెండి కంటె త్వరగా వెలిసిపోతవి. ఆ తరువాత, పెట్టె తెరవగానే పులిసిన కల్లు వంటి వాసన కొట్టే కట్టలు. ఆ వాసన వచ్చినదంటే ఫిలిం ఆధారమే విరుగుతున్నదని అర్థం. వాటిని మిగతా వాటి నుంచి వెంటనే వేరు చేసి, కాగితపు కవరులో పెట్టి, మొదట కాపీ చేయవలసి ఉన్నది.