శ్రీరాంపూర్ కొలిమిలో అక్షరాలు

1812 మార్చి 11 సాయంత్రం బెంగాల్‌లోని శ్రీరాంపూర్ మిషన్ ప్రెస్సులో కాగితం నిల్వచేసిన చోట నిప్పంటుకుంది. ప్రెస్సు బాధ్యత చూసే విలియం వార్డ్ తలుపులూ కిటికీలూ మూయించి, లోపల గాలి ఆడకుండా చేసి, కప్పు మీద నుంచి నీళ్లు పోయించాడు. మంట చాలాసేపు లొంగినట్టే ఉంది. ఇంతలో ఎవరో కంగారుపడి కిటికీలు తెరిచారు. ఇక ఆగలేదు. అర్ధరాత్రికల్లా 200 అడుగుల పొడవున్న ఆ కట్టడం కప్పు కుప్పకూలింది.

ఆ మిషన్ స్థాపకుల్లో ఒకడైన విలియం కేరీ అప్పుడు కలకత్తాలో ఉన్నాడు. ఫోర్ట్ విలియం కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. మర్నాడు పొద్దున్నే సహచరుడు జాషువా మార్ష్‌మన్ వెళ్లి కబురు చెప్పాడు. బహుభాషా నిఘంటువు కోసం ఏళ్లతరబడి కూర్చిన రాతప్రతి పోయింది. తెలుగు వ్యాకరణం రాతప్రతీ పోయింది. 14 ప్రాచ్య భాషల టైపు కరిగిపోయింది. కేరీ మళ్లీ మొదటి నుంచి రాసుకుని, తెలుగు వ్యాకరణాన్ని 1814లో అచ్చువేయగలిగాడు. రాసినవాడు బతికుంటే పుస్తకాన్ని మళ్లీ రాసుకోవచ్చు. పోయిన టైపు మాటేమిటి?

బూడిద చల్లారాక శిథిలాలు తవ్వితే కరిగి గడ్డకట్టిన లోహం దొరికింది. దాంతోపాటు అక్షరాలు చెక్కిన ఉక్కు పంచ్‌లు, వాటి ముద్ర దిగిన రాగి మాట్రిక్స్‌లు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. మిషనరీలు దాన్ని దేవుడి దయ అనుకున్నారు. ఆ మాట కాదనను. కానీ లోహశాస్త్రం చెప్పే కారణం కూడా ఉంది. టైపు పోత పోసే సీసపు మిశ్రమం 300 డిగ్రీల సెంటీగ్రేడు లోపే కరిగిపోతుంది. రాగికి వెయ్యి డిగ్రీలు దాటాలి, ఉక్కుకి ఇంకా పైనే. అదే మంటలో ఒకటి నీరై పారితే, ఇంకొకటి చలించలేదు. పంచ్ మిగిలితే టైపు మిగిలినట్టే. పక్కనున్న గిడ్డంగిలో పోత పనివారు రాత్రీ పగలూ వంతులవారీగా కూర్చుని, కొద్ది నెలల్లోనే చాలా భాషల అక్షరాలు మళ్లీ పోసేశారు. ప్రెస్సు యంత్రాలు కూడా మంట నుంచి బతికాయి.

ఆ ప్రెస్సు 1800లో మొదలైంది. దాని గురించి చెప్పేటప్పుడు కేరీ, మార్ష్‌మన్, వార్డ్ పేర్లు ముందు వస్తాయి. ఇంగ్లీషు కంపెనీ రాజ్యంలో తావు దొరక్క, డేనిష్ పాలనలో ఉన్న ఈ హుగ్లీ ఒడ్డు ఊళ్లో చేరిన వాళ్లు ఈ ముగ్గురూ. వాళ్ల పేర్లు రావడం న్యాయమే. అయితే శిథిలాల్లోంచి ఏరిన ఆ ఉక్కు ముక్కలు చెక్కింది మాత్రం వాళ్లు కాదు. త్రివేణికి చెందిన కమ్మరి పంచానన్ కర్మకార్, ఆయన అల్లుడు మనోహర్ చెక్కారు.

పంచానన్ 1778లోనే చార్లెస్ విల్కిన్స్ దగ్గర బెంగాలీ టైపు పనిలో ఉన్నాడు. హుగ్లీలో అచ్చయిన హాల్‌హెడ్ బెంగాలీ వ్యాకరణానికి అక్షరాలు అలా పుట్టాయి. శ్రీరాంపూర్‌కు వచ్చేనాటికి ఆయనకి రెండు దశాబ్దాల అనుభవం. 1801లో వెలువడిన బెంగాలీ కొత్త నిబంధనకు టైపు ఆయనదే. తరవాత దేవనాగరి మొదలుపెట్టారు. గుణింతాలు, సంయుక్తాక్షరాలు కలిపి దాదాపు 700 పంచ్‌లు కావలసివచ్చాయి. ఆ పని సగంలో ఉండగా 1804 ప్రాంతంలో పంచానన్ పోయాడు. అప్పటికే పని నేర్చిన మనోహర్ దాన్ని పూర్తిచేసి, ఆ తరవాత 40 ఏళ్ల దాకా ఆ కొలిమి వదలలేదు. చైనా అక్షరాలకు కూడా లోహపు టైపు అక్కడే తయారైంది.

ఆ పని ఎలా సాగేదో కాస్త దగ్గరగా చూద్దాం. వేలెడు పొడవున్న మెత్తబరిచిన ఉక్కు కడ్డీ తీసుకుని దాని కొసమీద అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. బయటి గీతను ఆకురాయితో అరగదీయవచ్చు. అక్షరం కడుపులోని ఖాళీకి ఆకురాయి దూరదు. అందుకని ఆ ఖాళీ ఆకారంలో ముందు ఇంకో చిన్న పంచ్ చేసి, దాన్ని కడ్డీ కొసలో దిగ్గొట్టి, ఆ గుంట చుట్టూ అక్షరాన్ని నిలబెడతారు. మధ్యమధ్య కొసను దీపం మంట మీద పెట్టి, మసి పట్టించి, కాగితం మీద అద్ది చూస్తారు. ఆ నల్లటి ముద్రే ప్రూఫు. ఇంకో రెండు రాపిళ్లు ఎక్కువైతే అక్షరం పోయినట్టే, కొత్త కడ్డీ అందుకోవలసిందే. తృప్తి కలిగాక ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతారు. ఉక్కు గట్టిపడుతుంది.

ఆ పంచ్‌ను రాగి దిమ్మలోకి ఒక్క దెబ్బతో దింపితే మాట్రిక్స్. ఇక్కడే పని అయిపోయిందనుకుంటారు చాలామంది. కష్టం ఇక్కడ మొదలవుతుంది. దెబ్బ తగలగానే రాగి ఉబ్బుతుంది, ముద్ర ఒకవైపు ఒరుగుతుంది. లోతు అన్ని మాట్రిక్స్‌లలో ఒక్కలాగే ఉండేదాకా, అక్షరం నిటారుగా నిలిచేదాకా ఆ దిమ్మను అరగదీస్తూనే ఉండాలి. లోతులో వెంట్రుకవాసి తేడా వచ్చినా అచ్చులో ఆ అక్షరం తేలిపోతుంది, లేదా కాగితాన్ని చీలుస్తుంది. ఇంగ్లీషు టైపుకి తరవాత స్థిరపడిన ఎత్తు 0.918 అంగుళం. అంగుళంలో వెయ్యోవంతు దాకా లెక్కపెట్టే పని అన్నమాట.

మాట్రిక్స్‌ను రెండు ముక్కల అచ్చులో బిగించి, చిన్న గరిటెతో కరిగిన లోహం పోసి, ఆ క్షణంలోనే చేయి పైకి విదిలించాలి. ఆ విదిలింపుతోనే లోహం గీత సందుల్లోకి చొరబడుతుంది. సీసానికి గట్టితనం కోసం అంటిమొనీ, ధారగా పారడానికి తగరం కలుపుతారు. చల్లారేటప్పుడు ముడుచుకుపోవడాన్ని కూడా అంటిమొనీయే తగ్గిస్తుంది. చేయి తిరిగిన మనిషి రోజుకి 4,000 అక్షరాలు పోస్తాడని ఇంగ్లండులో జోసెఫ్ మాక్సన్ 1683లోనే రాశాడు. పోసినవాటికి తోక విరిచి, రాతి మీద రుద్ది, ఎత్తు సరిచూడటం వేరే పని. అది సాధారణంగా పిల్లల వంతు.

ఇక మన తెలుగు. ‘ధ’కీ ‘థ’కీ మధ్య తేడా కడుపులోని ఒక చుక్క. చెక్కేటప్పుడు చుక్క చుట్టూ తగినంత చోటు వదలకపోతే అచ్చులో సిరా పూడుకుని రెండూ ఒకటైపోతాయి. తలకట్టు, గుడి, కొమ్ము అక్షరానికి అంటుకోవాలి. వత్తు కిందికి దిగాలి. దాంతో పంక్తికీ పంక్తికీ మధ్య ఎడం పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. ఒక్కో గుణింతానికీ విడి అక్షరం పోస్తే కేసులో గళ్లు చాలవు. విడివిడి ముక్కలు పేర్చి అతికిస్తే కంపోజిటరుకి ప్రాణసంకటం. చేతి కంపోజింగు చేసిన వారెవరైనా దీన్ని నాకంటే బాగా చెప్పగలరు.

తెలుగు టైపు శ్రీరాంపూర్‌లోనే పుట్టిందని చెప్పడం సరికాదు. బెంజమిన్ షుల్ట్జ్ రాసిన తెలుగు పుస్తకాలు 1746-47లోనే జర్మనీలోని హాలేలో అచ్చయ్యాయి. కాకపోతే మన దేశంలో తెలుగు అచ్చుకి ఊపు వచ్చిన చోట్లలో శ్రీరాంపూర్ ఒకటి. విశాఖపట్నంలో ఉండి 1810లో కన్నుమూసిన మిషనరీ డెస్ గ్రాంజెస్ తర్జుమా చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లోనే అచ్చయ్యాయి. 1818లో కొత్త నిబంధన వచ్చింది. ఆ అక్షరాల్లో నేటి కంటికి మొరటుదనం కనబడుతుంది. కొన్ని వత్తులు అసలు అక్షరానికి సంబంధం లేనట్టు వేలాడతాయి. అయినా తన భాషది కాని లిపిని ఉక్కులో తిరగేసి చెక్కిన కమ్మరి చేతిని అందుకు తప్పుపట్టలేం. ఎదుటపెట్టిన రాత నమూనా ఎలా ఉంటే ముద్ర అలా వస్తుంది.

1801 నుంచి 1832 దాకా ఆ ప్రెస్సు 40 భాషల్లో 2,12,000 ప్రతులు అచ్చువేసిందని లెక్క. 1837లో అది కలకత్తాలోని బాప్టిస్ట్ మిషన్ ప్రెస్సులో కలిసిపోయింది. పోత పని మాత్రం శ్రీరాంపూర్‌లో ఆగలేదు. 1839లో జేమ్స్ కెనడీ అనే మిషనరీ అక్కడికి వెళితే, మనోహర్ తన ఇష్టదైవం విగ్రహం కింద కూర్చుని బైబిలు కోసం అక్షరాలు తయారుచేస్తూ కనిపించాడట. ఆ దేవుడి నీడలో తప్ప పని ముట్టేవాడు కాదట. మతం మార్చాలని వచ్చినవాళ్లు ఏళ్లతరబడి ఈ షరతుకి తలవంచారు. ఎందుకంటే ఆ చెయ్యి మరొకరికి లేదు.

మనోహర్ తరవాత కొడుకు కృష్ణచంద్ర పని అందుకున్నాడు. ఆ కుటుంబం శ్రీరాంపూర్‌లోనే సొంత ప్రెస్సు పెట్టి, సొంత టైపుతో బెంగాలీ పంచాంగాలు అచ్చువేసి అమ్మింది.