వెన్నెముక చికిత్స – నిదర్శనముల పరీక్ష

1895వ సంవత్సరమున అమెరికాలోని డావెన్‌పోర్ట్ నగరములో డి. డి. పామర్ అనునతడు ఒక చెవిటివాని వెన్నుపూసను చేతితో నొక్కి సరిచేసితిననియు, దానితో వానికి వినికిడి వచ్చినదనియు ప్రకటించెను. కైరోప్రాక్టిక్ అను చికిత్సా విధానము ఇట్లు ఆరంభమైనది. నూటికి 95 రోగములకు వెన్నుపూసలు స్థానము తప్పుటయే కారణమని పామర్ బోధించెను. విధానము వ్యాపించినది గాని, దానిని పరీక్షించు పని చాలకాలము జరుగలేదు.

“నాకు నయమైనది” అని రోగి చెప్పిన చాలదా? చాలదు. నడుమునొప్పి పెక్కుమందికి కొన్ని వారములలో దానంతట అదియే తగ్గును. కావున రోగులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజించి, ఫలితములను పోల్చి చూడవలెను.

బ్రిటనులో 741 మంది నడుమునొప్పి రోగులను ఇట్లే పరీక్షించి, ఫలితములను 1990లో ప్రకటించిరి. ఆసుపత్రి చికిత్స పొందినవారికంటె కైరోప్రాక్టిక్ చికిత్స పొందినవారికి ఎక్కువ ఉపశమనము కలిగెను.

మరి ఉబ్బసము మాటేమి? కెనడాలో 91 మంది పిల్లలను తీసికొని, ఒక జట్టునకు నిజమైన చికిత్సను, రెండవ జట్టునకు చికిత్సవలె కనబడు నటనను నాలుగు నెలలు జరిపిరి. మందులు మానలేదు. 1998లో వెలువడిన ఫలితము వింతైనది. రెండు జట్లలోను బాధ తగ్గెను. జట్ల మధ్య చెప్పదగిన భేదము లేదు. రెండవ జట్టే లేకున్నచో, గుణమంతయు చికిత్సదేయని తల్లిదండ్రులు నమ్మియుందురు గదా!

పరిశోధన పత్రికలలో నిలిచిపోయిన ఏమి లాభము? అది చికిత్సాగదిలోనికి రావలెను. నడుమునొప్పితో వచ్చినవానికి ఈ చికిత్స చేయవచ్చును. ఉబ్బసపు బిడ్డను తెచ్చిన తల్లితో మాత్రము, “దీనివలన ఉబ్బసము తగ్గదు; వైద్యుడిచ్చిన మందు మానవద్దు” అని చెప్పవలెను. అందువలన రుసుము పోవచ్చును. కాని బిడ్డకు కీడు తప్పును.

పాత అలవాట్లను వదలుట అంత సులభము కాదు. పామర్ కుమారుడు బి. జె. పామర్ 1910లో ఎక్స్-కిరణ యంత్రమును తమ పాఠశాలలో ప్రవేశపెట్టెను. తరువాత వెన్నెముక ఛాయాచిత్రము తీయుట ఈ వృత్తిలో వాడుక అయినది. క్రొత్తగా వచ్చిన నడుమునొప్పికి, ఎముక విరుగుట, కంతి వంటి ప్రమాద సూచనలు లేనిచో, మొదటి ఆరు వారములు ఛాయాచిత్రము తీయవద్దని అమెరికన్ కైరోప్రాక్టిక్ అసోసియేషన్ 2017లో సలహా ఇచ్చెను. అనవసరమైన కిరణములు, ఖర్చు రెండును తప్పుట దీని లాభము. ఈ మార్పునకు నూరేండ్లు దాటినది.

విద్యార్థులారా! ఇక మీదట ఎవరైన “ఈ చికిత్సతో నాకు తగ్గినది” అనినచో, “చేయించుకొననివారికి ఏమైనది?” అని అడుగుడు.